భవిత కేంద్రం: ప్రాథమిక బడిలో చదివే ప్రత్యేక అవసరాల పిల్లలకు ఎంత అండ?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మండలాల్లో సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పాఠశాల విద్యా పథకం కింద ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడుస్తున్న భవిత కేంద్రాల సంగతి, వాటి అవసరం ఉన్న తల్లిదండ్రుల్లో చాలామందికి ఇప్పటికీ తెలియదు. తెలిసినవారిలోనూ కొందరు దాన్ని మానసిక వికలాంగుల బడి అనుకుని, అక్కడికి తీసుకువెళ్తే పిల్లకు ఆ ముద్ర పడిపోతుందని వెనకాడుతుంటారు. స్వల్ప స్థాయి మేధో వైకల్యం ఉండి, మాట ఆలస్యంగా వచ్చిన మా అమ్మాయిని రెండో తరగతి నుంచి ఈ కేంద్రానికి తీసుకువెళ్తున్న తల్లిగా ఈ సేవ మీద నా అభిప్రాయం రాస్తున్నాను. కేంద్రంలోని గది ఎంత బాగుంది, బొమ్మలు ఎన్ని ఉన్నాయి అన్నవాటికంటే, అక్కడి టీచరుకూ పిల్ల చదివే బడికీ మధ్య రాకపోకలు ఎంత ఉన్నాయన్నదాన్ని బట్టే దీని విలువ కట్టాలన్నది నా నిశ్చితాభిప్రాయం.

భవిత కేంద్రం సాధారణంగా మండల కేంద్రంలోని ఏదో ఒక ప్రభుత్వ పాఠశాల ఆవరణలోనే ఉంటుంది. రుసుము ఏమీ లేదు. ప్రత్యేక అవసరాల పిల్లలను అందరితో కలిపి చదివించే సహిత విద్య టీచర్లు, అంటే అందరూ ఐఈఆర్‌పీలని పిలిచేవారు, పిల్లకు ఏం వచ్చు, ఏం రాదు అన్నది మొదట పరిశీలించి, ఆ పిల్లకు మాత్రమే వర్తించే వ్యక్తిగత విద్యా ప్రణాళిక తయారుచేస్తారు. మా అమ్మాయి ప్రణాళికలో అక్షరాలకంటే ముందు బొత్తాలు పెట్టుకోవడం, పూసలు గుచ్చడం, తన వంతు వచ్చేదాకా ఆగడం ఉండడం చూసి మొదట నాకు నిరాశ కలిగిన మాట నిజం. వేళ్లలో పట్టు కుదరనిదే పలక మీద గీత నిలవదని టీచరు ఓపికగా వివరించారు. ఒక్కొక్క పనినీ చిన్నచిన్న మెట్లుగా విడగొట్టి, ఒక మెట్టు బాగా వచ్చాకే రెండోదానికి వెళ్లే పద్ధతి అది. అంకెలను చింతపిక్కలతో లెక్కపెట్టించాకే పుస్తకంలో చూపించారు. తల్లిని గది బయట కూర్చోబెట్టకుండా పక్కనే ఉంచుకుని, ఇంట్లో ఏం చేయించాలో చేసి చూపించడం నాకు అన్నిటికంటే నచ్చింది. పట్నంలో మేము కొంతకాలం డబ్బు కట్టి వెళ్లిన ఒక ప్రైవేటు థెరపీ కేంద్రంలో లోపల ఏం చేయిస్తున్నారో మాకు ఎన్నడూ చెప్పలేదు.

అయితే అసలు ఫలితం మాకు కనిపించింది బడిలో. మా ఊరి ప్రాథమిక పాఠశాలలో టీచరుగారు మంచివారే. కానీ రెండు మూడు తరగతుల పిల్లలను ఒకే గదిలో కూర్చోబెట్టి చదువు చెప్పే మనిషికి, మా అమ్మాయి ఎందుకు లేచి తిరుగుతుందో, చెప్పిన పని ఎందుకు చేయదో తెలిసే అవకాశం లేదు. భవిత టీచరు ఒకరోజు బడికి వచ్చి, తరగతి జరుగుతుండగా వెనక కూర్చుని చూసి, ఆ తరవాత నాలుగు మార్పులు సూచించారు: ముందు వరుసలో కూర్చోబెట్టడం, ఒకసారికి ఒక్క పనే చెప్పడం, ఆనాటి పనులను బొమ్మల రూపంలో గోడకు అంటించడం, రాతపరీక్షలో రాయలేనిదాన్ని నోటితో చెప్పించుకోవడం. వీటికి పైసా ఖర్చు లేదు. "పుస్తకం తీసి, పేజీ తిప్పి, చూసి రాయమని ఒక్కసారే చెప్పేదాన్నమ్మా, అది మూడు పనులని మేడమ్ చెప్పేదాకా నాకు తట్టలేదు" అని ఆ టీచరుగారు నాతో అన్నారు. అప్పటి నుంచి మా అమ్మాయి గంట కొట్టేదాకా తరగతిలో కుదురుగా కూర్చుంటోంది, తోటి పిల్లలతో కలిసి మధ్యాహ్న భోజనానికి వరుసలో నిలబడుతోంది.

ఈ రాకపోకలే అన్నిచోట్లా తగినంతగా లేవు, దానికి కారణం మనుషులు చాలకపోవడమే. ప్రాథమిక తరగతుల్లో ప్రత్యేక అవసరాలు గల ప్రతి 10 మంది పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు, పై తరగతుల్లో 15 మందికి ఒకరు ఉండాలన్న నిష్పత్తిని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో ఇచ్చిన తీర్పులో పేర్కొంది. మండలమంతటికీ ఒకరో ఇద్దరో ఉండి, కేంద్రంలో పాఠాలు, బడుల సందర్శన, మంచం దిగలేని పిల్లలకు ఇంటి వద్ద చదువు, ఆ పైన ఆన్‌లైన్‌లో వివరాల నమోదు, అన్నీ వారే చూడవలసి వస్తే ఏ పనికి ఎంత సమయం మిగులుతుందో ఊహించవచ్చు. పైగా వీరిలో చాలామంది కాంట్రాక్టు మీద పనిచేస్తున్నవారు. పిల్ల ఒక టీచరుకు అలవాటు పడడానికే నెలలు పట్టే ఈ చదువులో టీచరు ఉద్యోగానికి స్థిరత్వం ఉండడం పిల్లల హక్కులో భాగమని ప్రభుత్వాలు గుర్తించాలి. ఫిజియోథెరపీ కూడా వారానికి ఒక రోజు లెక్కన అందుతుంది కాబట్టి, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కాళ్లూ చేతులూ అదుపులో ఉండని స్థితి) ఉన్న పిల్లలకు అది ఎంతమాత్రం చాలదు. ఆ రోజు నేర్పిన వ్యాయామాలను మిగిలిన రోజుల్లో ఇంట్లో చేయించకపోతే ప్రయోజనం కనిపించదు.

ఇంటి వద్ద చదువు గురించి ఒక మాట. తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్న పిల్లలు ఇంటి వద్దనే చదువుకునే అవకాశాన్ని విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ కల్పించింది. ఎంచుకునే హక్కు పిల్లలది, తల్లిదండ్రులది. బడిలో చేర్చుకోవడం కష్టమని తప్పించుకోవడానికి ఎవరూ దాన్ని వాడుకోకూడదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించడమే కాక, వివక్ష లేకుండా చేర్చుకుని తోటి పిల్లలతో కలిపి చదువు చెప్పవలసిన బాధ్యతను విద్యాసంస్థల మీద పెట్టింది. "మీ పాపకు ఇంటి దగ్గరే మేలమ్మా" అని ఎవరైనా అంటే ఈ సంగతి మర్యాదగానే గుర్తుచేయవచ్చు.

కొత్తగా వెళ్లేవారు ముందుగా పిల్లను దగ్గరి బడిలో చేర్పించి, ప్రత్యేక అవసరాలు గల విద్యార్థిగా ప్రధానోపాధ్యాయుల చేత నమోదు చేయించుకోవాలి. రవాణా భత్యం, తోడు వచ్చేవారికి ఇచ్చే ఎస్కార్ట్ భత్యం, ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల చొప్పున 10 నెలలకు ఇచ్చే ఉపకార వేతనం వంటివి ఆ వివరాల ఆధారంగానే వస్తాయి. సదరం వంటి వైకల్య ధ్రువపత్రం వచ్చేదాకా ఆగకుండా, దానికి దరఖాస్తు చేస్తూనే భవిత టీచరును కలవడం మంచిది, ఎందుకంటే ఈ వయసులో పోయిన ఏడాదిని తిరిగి సంపాదించడం కష్టం. చక్రాల కుర్చీలు, కాళ్లకు ఊతమిచ్చే కాలిపర్లు, వినికిడి యంత్రాలు ఇచ్చే ఆలిమ్‌కో (వికలాంగుల ఉపకరణాలు తయారుచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) శిబిరాల కబురు కూడా ఎక్కువగా వీరి ద్వారానే తెలుస్తుంది. మేధో వైకల్యం విషయంలో మరింత లోతైన పరీక్ష కావాలనుకుంటే సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీకి వెళ్లవచ్చు. అక్కడ ఇచ్చే నివేదిక ప్రతిని భవిత టీచరుకు ఒకటి, తరగతి టీచరుకు ఒకటి ఇవ్వండి.

కేంద్రానికి మొదటిసారి వెళ్లినప్పుడు మూడు సంగతులు అడిగి తెలుసుకోండి: ఫిజియోథెరపిస్టు వారంలో ఏ రోజు వస్తారు, మా పిల్ల ప్రణాళికను మళ్లీ ఎప్పుడు సరిచూస్తారు, మా బడికి ఏ రోజు వస్తారు. మూడో ప్రశ్నకు తేదీతో సహా జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉండండి, ఆ రోజు మీరు కూడా బడికి వెళ్లి ఇద్దరు టీచర్లతో కలిసి కూర్చోండి.