ఫ్రెండ్‌షిప్ పీక్: 4,900 మీటర్ల దగ్గర వెనక్కి

మనాలి పైనున్న ఫ్రెండ్‌షిప్ పీక్ ఎత్తు 5,289 మీటర్లు. మేం 4,900 దాటాక వెనక్కి తిరిగాం. బెజవాడ వచ్చినప్పటి నుంచి "అంత దూరం వెళ్లి ఆ కాస్తా ఎక్కలేకపోయారా?" అని అడగనివాళ్లు లేరు. ఒంట్లో ఓపిక ఉంది, ఎదురుగా శిఖరం కనిపిస్తోంది. అయినా తిరిగాం. మమ్మల్ని వెనక్కి తిప్పిన గైడు గురించి చెప్పాలనే ఇది రాస్తున్నాను. స్కీలతో మంచుకొండ ఎక్కాలనుకునే మనవాళ్లకు గైడును ఎంచుకునేటప్పుడు పనికొస్తుంది.

సముద్రమట్టానికి ముప్పై మీటర్ల ఎత్తు కూడా లేని ఊరు మనది. దమ్ము కోసం నేనూ, గుంటూరులో ఉండే మా బావా మంగళగిరి పానకాల స్వామి మెట్లు, కొండపల్లి కోట దారి ఎక్కి దిగేవాళ్లం. స్కీయింగ్ మాత్రం గుల్మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ సంస్థలో నేర్చుకున్నాం. ఆ పునాది లేకుండా ఈ దారి పట్టకండి.

గన్నవరం నుంచి ఢిల్లీకి విమానం, అక్కడి నుంచి రాత్రి వోల్వో బస్సు. మనాలికి దగ్గరి విమానాశ్రయం భుంతర్ దాకా చిన్న విమానాలు ఉన్నా, వాతావరణం బాగోకపోతే రద్దవుతాయి. పొడవాటి స్కీ సంచులతో బస్సే నయం. బస మనాలి బజారులో కాకుండా సోలాంగ్ వైపు పల్లెలో తీసుకున్నాం. గీజరు కరెంటు ఉన్నప్పుడే పనిచేసేది. కానీ ఊరికంటే నాలుగైదు వందల మీటర్లు ఎత్తులో నిద్రపోతాం, ఒంటికి అలవాటు అక్కడి నుంచే మొదలవుతుంది. ఆ ఇంటి పెద్దావిడ నెయ్యి పోసి పెట్టిన సిడ్డూ అనే ఆవిరి రొట్టె కోసమైనా మళ్లీ అక్కడే దిగుతాను.

సోలాంగ్ దుకాణాల్లో అద్దెకిచ్చేవి ఎక్కువగా వాలు మీద జారడానికి పనికొచ్చే స్కీలే. కొండ ఎక్కాలంటే బూటును స్కీకి పట్టి ఉంచుతూనే మడమ పైకి లేవనిచ్చే బైండింగ్, వెనక్కి జారకుండా స్కీ అడుగున అతికించే స్కిన్లు అనే పట్టీలు కావాలి. అవి గైడే తెచ్చాడు. స్కిన్ల జిగురు సహా ప్రతిదీ ఊళ్లోనే మా చేత పరీక్ష చేయించాడు. మంచులో కూరుకుపోయినవారి ఆచూకీ చెప్పే ట్రాన్స్‌సీవర్, గుచ్చి వెతికే కడ్డీ, పార ప్రతి ఒక్కరికీ విడివిడిగా ఇచ్చాడు. ఇవి లేకుండా బయల్దేరదీసే వాళ్లతో వెళ్లకండి, ఎంత చవకైనా సరే.

అటల్ సొరంగం దక్షిణ ముఖద్వారం దగ్గరి ధుండి నుంచి నడక. బకర్‌థాచ్‌లో ఆగి, తర్వాత దాదాపు 3,800 మీటర్ల ఎత్తులో ఉన్న లేడీ లెగ్ క్యాంపుకు చేరాం. ఆ ఎత్తులో నీళ్లు సుమారు 87 డిగ్రీలకే మరుగుతాయి, మామూలు గిన్నెలో పప్పు ఉడకదు. వంటమనిషి అంత పైకి ప్రెషర్ కుక్కర్ మోసుకొచ్చాడు. వేడన్నంలో మా అక్క కట్టిచ్చిన కందిపొడి కలుపుకుంటే, ఆకలి చచ్చిపోయే ఆ ఎత్తులోనూ కడుపు నిండా తిన్నాం.

శిఖరానికి అర్ధరాత్రి దాటాక బయల్దేరాలి. ఏప్రిల్‌లో పగటి ఎండకు మెత్తబడ్డ మంచు రాత్రి గడ్డకడితేనే ఎక్కడానికీ దిగడానికీ భద్రం. ఆ రాత్రి మబ్బు దుప్పటిలా కప్పేసింది. వేడి పైకి పోక మంచు గట్టిపడలేదు. తెల్లవారేసరికి మబ్బు విడిపోయింది, హనుమాన్ టిబ్బా శిఖరం మెరుస్తోంది. చివరి నిటారు వాలు మొదట్లో గైడు ఆగి కర్ర గుచ్చాడు. పిడి దాకా దిగిపోయింది. పారతో గొయ్యి తవ్వి పొరలు చూపించాడు: పైన తడిసిన బరువైన మంచు, కింద పంచదారలా రాలిపోయే పొర. ఎండకు పైది ఇంకా మెత్తబడితే మొత్తం మంచు చరియగా జారిపడొచ్చు.

"భయ్యా, ఇంకో గంటే కదా, మెల్లగా పోదాం" అని బావ బతిమాలాడు.

"ఎక్కడం గంట సరే. ఎండ పడ్డాక ఇదే వాలు మీద దిగాలి. అప్పుడు నా చేతుల్లో ఏమీ ఉండదు" అన్నాడతను. అంతే, దిగడానికి స్కిన్లు ఊడదీశాం.

దిగడం హాయిగా ఏమీ లేదు. మంచు పైపొర విరిగి స్కీలు కూరుకుపోతుంటే తొడలు మండిపోయాయి. వాలు తక్కువున్న గట్టు వెంబడి, ఒకరు ఆగాకే మరొకరు కదిలేలా దించాడు. బావ ఆ పూటంతా మాట్లాడలేదు. మాకు కొండ అంటే మొదట గుర్తొచ్చేది నెల్లూరు జిల్లా బిడ్డ మల్లి మస్తాన్‌బాబు. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలు ఎక్కిన మనిషి 2015లో ఆండీస్ పర్వతాల్లోనే ప్రాణాలు వదిలాడు. ఆ సాయంత్రం బావే ఆయన పేరెత్తాడు. తర్వాత లేచి వెళ్లి గైడుకు దండం పెట్టాడు.

శిఖరం అందకపోతే డబ్బు వాపసు ఉండదని గైడు ముందే చెప్పాడు, అది న్యాయమే. "సమ్మిట్ గ్యారంటీ" అని ప్రకటించుకునే వాళ్లకన్నా ఇలాంటివాడే నాకు కావాలి. డబ్బు కట్టేముందు, వెనక్కి తిరగాలని తేల్చేది ఎవరు, ఏ వేళకు అని అడగండి. సూటిగా జవాబు రాకపోతే ఇంకొకర్ని చూసుకోండి. వాతావరణం కోసం ఒకట్రెండు రోజులు అదనంగా పెట్టుకోండి, మా తిరుగు టికెట్లలో ఆ వెసులుబాటు ఉంది కాబట్టే ఎవరూ తొందరపెట్టలేదు. పాలసీ కాగితాలు కూడా చదవండి, చాలా ప్రయాణ బీమాలు పర్వతారోహణకు వర్తించవు.

దిగాక ఒళ్లు నొప్పులకు వశిష్ఠ్ గ్రామంలోని వేడినీటి గుండాలు బాగా పనిచేశాయి. తెల్లవారుజామునే వెళ్తే రద్దీ ఉండదు.