చెత్తడబ్బాలో సూట్: 'స్పైడర్‌మ్యాన్ 2' మళ్ళీ చూశాక

మా అమ్మాయికి కామిక్స్ అలవాటు లేదు. నాకేమో చదవడం వచ్చినప్పటి నుంచీ అదే పిచ్చి. మొన్న ఆదివారం ఇద్దరం కూర్చుని 2004 నాటి 'స్పైడర్‌మ్యాన్ 2' చూశాం. తనకు మొదటిసారి, నాకు ఎన్నోసారో లెక్క లేదు. మధ్యలో పీటర్, అంటే స్పైడర్‌మ్యాన్‌గా తిరిగే కుర్రాడు, ఆ వేషపు సూట్‌ని ఒక సందులో చెత్తడబ్బాలో పడేసి, మనకు వీపు పెట్టి నడిచి వెళ్ళిపోతాడు. అక్కడ రిమోట్ తీసుకుని ఆపేశాను.

"ఏమైంది నాన్నా, ఫోన్ వచ్చిందా?" అంది.

ఫోన్ కాదు. ఆ బొమ్మ నాకు ఈ సినిమా కంటే చాలా ముందే తెలుసు. 1967లో వచ్చిన 'అమేజింగ్ స్పైడర్‌మ్యాన్' 50వ సంచికలో జాన్ రొమిటా గీసింది. వాన, చీకటి సందు, డబ్బా అంచున వేలాడే సూట్, దూరమైపోతున్న కుర్రాడు. దర్శకుడు సామ్ రైమీ దాన్ని దాదాపు అలాగే తెర మీద పెట్టాడు. లోపలికెళ్ళి పుస్తకం తెచ్చి టీవీ పక్కన పెట్టి చూపించాను. "ఓ, కాపీనా?" అంది. కాసేపు మాట్లాడలేదు నేను.

కాపీ అయితే ఇన్నిసార్లు చూడను. కామిక్‌లో ఆ సూట్ ఒక చిన్న పిల్లాడికి దొరుకుతుంది, వాడు దాన్ని స్పైడర్‌మ్యాన్ అంటే పడని పత్రిక యజమాని జేమ్సన్‌కి తెచ్చిస్తాడు. సినిమాలో చెత్త ఎత్తే మనిషి తెచ్చి బేరమాడతాడు. కామిక్‌లో పీటర్ బతుకు తలకిందులై వదిలేస్తాడు. సినిమాలో శక్తులే మొరాయిస్తాయి: సాలెదారం రాదు, గోడ మీంచి జారిపడతాడు, చివరికి సూట్‌లోనే లిఫ్ట్ ఎక్కి పక్కవాడితో ఇబ్బందిగా నిలబడతాడు. ఇదంతా కొత్తగా కల్పించారని కొందరు అంటారు కానీ, మనసు చెదిరి శక్తులు పోవడం 1964 నాటి మొదటి యాన్యువల్‌లోనే (ఏడాదికోసారి వచ్చే ప్రత్యేక సంచిక) ఉంది. వేరువేరు సంచికల్లో పడి ఉన్న ముక్కల్ని ఏరి ఒకే కథగా కుట్టారన్నమాట. చదివినవాడు తీసిన సినిమా ఇది. నాలాంటి వాళ్ళకి కావలసిందే అది.

2017 నాటి మరో స్పైడర్‌మ్యాన్ సినిమా 'హోమ్‌కమింగ్'లోనూ ఇలాంటి క్షణం ఒకటుంది. శిథిలాల కింద ఇరుక్కున్న పీటర్ పైకి లేచే ఘట్టం, రొమిటా కంటే ముందు ఆ కామిక్ గీసిన స్టీవ్ డిట్కో 33వ సంచికలోది. నీళ్ళలో సగం ముఖం, సగం మాస్క్ కనిపించే షాట్ చూసి హాల్లో సీట్లోంచి లేవబోయాను. కానీ డిట్కో పేజీల కొద్దీ బిగబట్టించిన ఊపిరిని అక్కడ చప్పున వదిలేయించారు.

ఇక ఫిర్యాదులు. సాలెదారం మణికట్టులోంచి దానంతటదే రావడం నాకు మొదటి భాగం వచ్చిన 2002 నుంచీ మింగుడు పడలేదు. కామిక్‌లో సాలెదారం విసిరే యంత్రాలు పీటరే తయారు చేసుకుంటాడు, సరిగ్గా కొట్లాట మధ్యలో వాటిలోని ద్రవం అయిపోతుంది. ఆ టెన్షన్ పోయింది. ఇంకోటి, ఈ సినిమాలో మాస్క్ ఊడిపోవడం మరీ ఎక్కువ. రైలు పెట్టెలో జనమంతా అతని ముఖం చూసేస్తారు! అయితే ఆ జనమే అతన్ని చేతుల మీదుగా లోపలికి తీసుకెళ్తుంటే మా అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. నా సణుగుడు అక్కడ ఆపేశాను.

ఈ సినిమాలో విలన్ డాక్టర్ ఆక్టోపస్, 1963లో కామిక్‌లో మొదలైనప్పుడు పొగరుబోతు. ఆ పాత్ర వేసిన ఆల్‌ఫ్రెడ్ మొలీనా అతన్ని భార్యను పోగొట్టుకున్న మంచి మాస్టారుగా మార్చేశాడు. దీనికి మాత్రం నాకు అభ్యంతరం లేదు.

ఈ సినిమాకే 2.1 అని సుమారు 8 నిమిషాలు ఎక్కువున్న కూర్పు కూడా ఉంది. అందులో జేమ్సన్ ఆ సూట్ తొడుక్కుని ఆఫీసులో గెంతుతాడు. అది నాలాంటి కామిక్స్ పిచ్చోళ్ళ కోసం. మొదటిసారి చూసేవాళ్ళు థియేటర్లో వచ్చినదే చూడండి.

సినిమా అయ్యాక మా అమ్మాయి అడిగింది: "ఆ కాలేజీ ప్రొఫెసర్‌కి ఒక చెయ్యి లేదేంటి?"

నా మొహం వెలిగిపోయి ఉండాలి. ఆయన కర్ట్ కానర్స్ అనీ, పోయిన చెయ్యి కోసం మందు కనిపెట్టి బల్లిలాంటి రాక్షసుడైపోతాడనీ చెప్పాను.

"అయితే మూడో భాగంలో అవుతాడా?"

అవడు. 2007లో నేనూ అదే ఆశతో వెళ్ళాను.