పాత నాచురల్ హార్న్ కొనబోతున్నారా? నాకు జరిగింది చదివాకే డబ్బు కట్టండి

"1820ల నాటిది, ఎవరూ చెయ్యి పెట్టలేదు" అని చెప్పి ఒకాయన నాకు అంటగట్టింది వాల్వులు (గాలి దారి మార్చి స్వరం మార్చే మీటలు) పీకేసిన హార్న్. నాచురల్ హార్న్ అంటే అసలు వాల్వులే లేని, చుట్టలు తిరిగిన ఇత్తడి ఊదు వాద్యం. ఇక్కడ లండన్‌లో ఆరు నెలలు కూడబెట్టిన డబ్బండీ అది.

వచ్చిన రోజే బెల్‌లో, అంటే చివర వెడల్పుగా విచ్చుకునే నోట్లో, చెయ్యి పెట్టి వాయించి చూశాను. జర్మనీలోని డ్రెస్డెన్‌లో 18వ శతాబ్దం మధ్యలో హాంపెల్ అనే హార్న్ వాద్యకారుడి పేరుతో మొదలైందని చెప్పే పద్ధతి అది, 1814 ప్రాంతంలో స్టోల్జెల్ వాల్వు తెచ్చేదాకా హార్న్ వాయించేవాళ్ళకి మామూలుగా ఊదితే రాని స్వరాలకి అదే ఆధారం. నాకు అలా చేత్తో మూసి పలికించే స్వరం ఒక్కటీ సరిగ్గా పడలేదు. తప్పు నా చేతిదేననుకుని వారం రోజులు సాధన చేశాను.

తర్వాత టార్చి వేసి చుట్టల లోపలి వైపు చూస్తే గుండె జారిపోయింది. గొట్టం మీద నాలుగు చోట్ల, మన ఊళ్ళో పాత బిందెకి మాటు వేసినట్టు, టంకం మరకలు. పైవైపు మాత్రం అద్దంలా పాలిష్ కొట్టారు. రిపేర్లు చేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే వేలితో తడిమి చూపించారు: మిగతా గొట్టమంతా ఇత్తడి రేకుని చుట్టి అతికింది, పొడవునా సన్నటి అతుకు గీత తగులుతుంది, మధ్యలో జానెడు ముక్కకి మాత్రం ఆ గీతే లేదు. అంటే వాల్వులు తీసేసిన చోట కొత్త గొట్టం పెట్టి పూడ్చారన్నమాట.

నేను బెల్ చూసి బోల్తాపడ్డాను. రేకు అంచుల్ని పళ్ళలా కత్తిరించి, ఒకదాంట్లో ఒకటి ఇరికించి అతికిన వంకర గీత కనిపించేసరికి పాతదేనని నమ్మేశాను, కానీ వాల్వులొచ్చాక కూడా చాలా ఏళ్ళు బెల్ అలాగే చేశారు.

మార్చడం తప్పని నేననను. 19వ శతాబ్దంలో ఎన్నో నాచురల్ హార్న్‌లకి తర్వాత వాల్వులు బిగించారు, అదీ చరిత్రే. ఇక్కడ ఒక మంచి వాల్వ్ హార్న్‌ని పాడుచేసి, అది దాచి అమ్మారు, నా బాధంతా అదే. అడిగితే "పాతది కదా, రిపేర్లు మామూలే" అన్నాడు, ఆ తర్వాత జవాబే లేదు.

మీరు కొనేముందు చుట్టల లోపలి వైపు ఫొటోలు దగ్గరగా తీసి పంపమనండి. ఎప్పుడైనా వాల్వులు ఉండేవా అని అడిగి, జవాబు రాతలో తీసుకోండి. మరీ మెరిసిపోతుంటే ఇంకా అనుమానించండి, ఆ పాలిష్‌తో పాత టంకం గుర్తులు, చెక్కిన అక్షరాలు రెండూ అరిగిపోతాయి. నా హార్న్ ఫొటోలు కావాలంటే అడగండి, ఆ నాలుగు మరకలూ దగ్గరగా తీసి పెడతాను.