పాత 3100 బాడీ, ఎస్-10 ఛాసీ: నాకు నచ్చిన బ్రేకు, నన్ను ఏడిపించిన బ్రేకు

నా బండి బాడీ 1951 నాటి షెవర్లే 3100 పికప్‌ది, కింద ఛాసీ (ఫ్రేమ్, చక్రాలు, బ్రేకులు ఉండే భాగం) తొంభైల నాటి షెవర్లే ఎస్-10 పికప్‌ది. చాలా ఏళ్లుగా వాడుతున్నాను. ఇంజిన్ ఏది, ఫ్రేమ్ ఎక్కడ కోశారు, వీల్‌బేస్ ఎలా కుదిరింది లాంటివి ఈ మార్పిడి మీద ఆసక్తి ఉన్నవాళ్లకి ఎలాగూ కంఠతా వచ్చు. అందుకని వాటి జోలికి పోను. బ్రేకు గురించే చెబుతాను, ఎందుకంటే ఇంత ఖర్చు పెట్టించింది అదే.

ఇదే బండిని అసలు ఫ్రేమ్ మీద కూడా బాగానే తిప్పాను. నాలుగు చక్రాలకీ డ్రమ్ములే (లోపలి షూలు విచ్చుకుని డ్రమ్ముని పట్టే పాత రకం), కాలి బలాన్ని పెంచే బూస్టర్ లేదు, పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకి తోసే మాస్టర్ సిలిండర్‌లో ఉన్నది ఒకటే సర్క్యూట్. అంటే ఎక్కడో ఒక గొట్టం పగిలితే చాలు, నాలుగు చక్రాల బ్రేకూ ఒక్కసారే పోతుంది. ఆ సంగతి తెలిశాక నిశ్చింతగా నడపడం కష్టం. వానలో డ్రమ్ములు తడిస్తే బండి ఏ పక్కకి లాగుతుందో తొక్కేదాకా తెలియదు. ముందు కారు వెనక లైట్లు ఎర్రబడితే చాలు, టెన్షన్.

ఛాసీ మారి బండి చేతికొచ్చాక మొదట ఆశ్చర్యపెట్టింది పెడలే. ముందు చక్రాలకి డిస్కులు (వెనక మాత్రం డ్రమ్ములే), పైగా వాక్యూమ్ బూస్టర్, ముందు వెనక చక్రాలకి వేరువేరు సర్క్యూట్లు. ఇవన్నీ ఉంటే బ్రేకు బాగుంటుందని తెలుసు కానీ, ఇంతలా ఉంటుందనుకోలేదు. పెడల్‌లో ఖాళీ అన్నదే లేదు. కాలు ఆనిందో లేదో పట్టేది. కనిపించిన ప్రతివాడికీ దాని గురించి చెప్పాను. ఒకరిద్దరిని పక్కన కూర్చోబెట్టుకుని తొక్కి మరీ చూపించాను.

మిగతావి కూడా హాయిగానే ఉన్నాయి. పాత స్టీరింగ్‌లా ఎప్పుడూ సరిదిద్దుకుంటూ ఉండక్కర్లేదు, ఒంటిచేత్తో నడపొచ్చు. నేను ఊహించని లాభం ఇంకోటి: అప్పట్లో పెట్రోలు ట్యాంకు క్యాబ్ లోపల, సీటు వెనకే ఉండేది. ఇప్పుడు ఎస్-10 ట్యాంకు ఫ్రేమ్ పక్కన, వెనక సామాను వేసే బెడ్ కింద ఉంది. సీటు వెనక సామాను పెట్టుకునే చోటు వచ్చింది, ఎండాకాలంలో లోపల పెట్రోలు వాసన పోయింది. పాత మూత మాత్రం క్యాబ్ కుడిపక్కన అందానికి ఉంచేశాను. గ్యాస్ స్టేషన్‌లో సాయం చేద్దామని ఎవరైనా దాన్ని తిప్పబోతే పరుగెత్తుకెళ్లి ఆపాలి!

ఇక అసలు కథకొస్తాను. ఒక వేసవి మధ్యాహ్నం ఫ్రీవే దిగుతుంటే, ఆక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే బండి తనంతట తానే నెమ్మదించింది. బ్రేకు తొక్కనే లేదు. ముందు గేరు బాక్సు మీద అనుమానం వచ్చింది. ఆగి దిగేసరికి ఘాటుగా కాలిన వాసన. ముందు చక్రాల దగ్గర చెయ్యి పెట్టలేనంత సెగ, వెనక చక్రాలు మామూలుగా ఉన్నాయి. చల్లారేదాకా ఆగి బయల్దేరితే ఏమీ జరగనట్టే నడిచింది. ఇదే పెద్ద తలనొప్పి. మెకానిక్ దగ్గరికి చేరేసరికి చల్లారిపోతుంది, చల్లారితే జబ్బు కనపడదు.

మొదట చూసినాయన కాలిపర్ (డిస్కుని రెండు ప్యాడ్లతో నొక్కి పట్టేది) పిన్నులు బిగుసుకున్నాయన్నాడు. శుభ్రం చేసి గ్రీజు పెట్టాడు, లాభం లేదు. రెండో ఆయన రబ్బరు గొట్టాల మీద పడ్డాడు. గొట్టం లోపలి పొర వాచిపోతే బ్రేక్ ఆయిల్ ముందుకి వెళ్తుంది కానీ వెనక్కి రాదు. అది నిజంగా జరిగే సంగతే, అందుకని ఆయన్నీ తప్పుపట్టను. గొట్టాలు కొత్తవి వేశాడు. అయినా ఎండ ఎక్కువున్న రోజు దూరం వెళ్తే మళ్లీ అదే తంతు. ఒకసారి పరిస్థితి ఇంకా ముదిరి, పట్టేసి ఉండాల్సిన పెడల్ మెత్తబడిపోయింది. అప్పుడు నిజంగా భయమేసింది. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. గాల్లో తేమ పీల్చుకుంటే అది 140 దాకా పడిపోతుంది. ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు లేస్తే, మనం తొక్కేది ఆ బుడగల్నే.

చివరికి పట్టుకున్నవాడు నా బావమరిది. వాడు మెకానిక్ కాదు, ఓపిక ఉన్నవాడు. బండిని వేడిగా ఉండగానే గ్యారేజీలోకి తెప్పించి, ముందు భాగం జాకీల మీద లేపాడు. చక్రం చేత్తో తిప్పితే తిరగలేదు. కాలిపర్ మీద బ్లీడర్ (ఆయిల్ బయటికి వదిలే చిన్న స్క్రూ) కొంచెం వదులు చేయగానే ఆయిల్ ఒక్కసారి చిమ్మింది, చక్రం వదిలేసింది. అంటే కాలిపర్ బిగుసుకుపోలేదు, లైన్‌లో ప్రెషర్ ఇరుక్కుపోయింది. బ్లీడర్ బిగించి, బ్రేకు తొక్కించి, చక్రం మళ్లీ పట్టేశాక ఈసారి మాస్టర్ సిలిండర్ దగ్గరికి వెళ్లాడు. దాని పక్క జాయింటు వదులు చేస్తే చక్రం కదల్లేదు. దాని తర్వాత లైన్‌లో చిన్న వాల్వ్ ఉంది. దానికి అవతలి జాయింటు వదులు చేస్తే వెంటనే తిరిగింది. దొంగ ఆ రెండు జాయింట్ల మధ్యే ఉన్నాడు.

ఆ వాల్వ్ ఎందుకుందో చెప్పాలి. పాత 3100లో పెడల్ నేలలోంచి పైకి వస్తుంది, మాస్టర్ సిలిండర్ నేల కింద ఫ్రేమ్‌కి ఉంటుంది. ఇంజిన్‌కీ క్యాబ్‌కీ మధ్య ఉండే ఫైర్‌వాల్‌కి చిల్లులు పడకుండా ఉండాలని నేనే కోరితే, షాపువాళ్లు కొత్త మాస్టర్ సిలిండర్‌నీ బూస్టర్‌నీ అక్కడే పెట్టారు. అక్కడ పెడితే అది కాలిపర్ల కన్నా కిందికి వస్తుంది. బండి ఆగి ఉన్నప్పుడు ఆయిల్ మెల్లగా వెనక్కి జారుతుంది, మొదటిసారి తొక్కితే పెడల్ లోపలికి దిగిపోతుంది. అది జరక్కుండా లైన్‌లో కొద్దిపాటి ప్రెషర్ నిలిపి ఉంచడానికి రెసిడ్యువల్ వాల్వ్ వేస్తారు. డిస్కులకైతే 2 పీఎస్ఐ, డ్రమ్ములకైతే 10. డ్రమ్ముల్లో షూలని వెనక్కి లాగే స్ప్రింగులుంటాయి కాబట్టి 10 ఉన్నా ఫరవాలేదు. డిస్కుకి అలాంటి స్ప్రింగు లేదు. 10 ఇస్తే ప్యాడ్లు డిస్కుకి అంటుకునే ఉంటాయి.

మావాడు టార్చి వేసి చూస్తే రెండు వాల్వులూ నల్లగా ఒకేలా ఉన్నాయి. ఛాసీకి వేసిన నల్ల పెయింటు వాటి మీద కూడా కొట్టేశారు. ముందు లైన్‌లో ఉన్నదాన్ని గోరుతో గీకితే లోపల ఎరుపు కనిపించింది, వెనక లైన్‌లో ఉన్నది నీలం. ఆ వాల్వుల కంపెనీ రంగుల్లో ఎరుపు 10, నీలం 2. అంటే రెండూ తారుమారుగా బిగించారు.

"బావా, ఇన్నాళ్లూ నువ్వు బ్రేకు తొక్కుతూనే నడిపావు," అన్నాడు.

నవ్వొచ్చింది కానీ ఖర్చు చూశాక పోయింది. డిస్కులు వేడికి నీలంగా మారిపోయాయి, ప్యాడ్లు అరిగి రేకులా ఉన్నాయి. అవి మార్చి, బేరింగుల్లో గ్రీజు కొత్తగా నింపి, ఆయిల్ మొత్తం తీసి డాట్ 4 పోసి, వాల్వులు అటూ ఇటూ మార్చుకున్నాం. ఆ తర్వాత ముందు చక్రాలు ఎప్పుడూ సెగ కక్కలేదు. కట్టిన షాపుకి చెబితే, "వదిలేయండి సార్, ఇప్పుడు బాగానే ఉందిగా" అన్నారు. ఆ మాట మీద కోపం ఇంకా ఉంది.

అయితే ఇక్కడో ఇబ్బంది. నేను అంతగా మెచ్చుకున్న పెడల్ కూడా మారిపోయింది. ఇప్పుడు కాలు ఆనగానే పట్టదు, కొంచెం దిగి పడుతుంది. అప్పటి ఆ గట్టిదనంలో చాలా వంతు అంటుకుపోయిన ప్యాడ్లదే అన్నమాట. ఇప్పటికీ బండి బాగా ఆగుతుంది, పక్కకి లాగదు, వానలోనూ నమ్మకంగా తొక్కుతాను. కానీ పక్కన కూర్చోబెట్టుకుని తొక్కి చూపించేంత వింత అందులో లేదు. మామూలు ఆధునిక బండి బ్రేకు, అంతే. ఈ విషయంలో మామూలుగా ఉండటమే మంచిదనుకోండి.

బాడీ, ఛాసీ ఒకదానికొకటి పూర్తిగా అలవాటు పడవని కూడా తెలిసొచ్చింది. పాత క్యాబ్‌ని వెనకవైపు షాకిళ్ల (అటూ ఇటూ ఊగే లింకుల) మీద కూర్చోబెట్టేవారు, ఫ్రేమ్ మెలితిరిగినా క్యాబ్ మెలితిరగకుండా. నాకు కట్టినవాళ్లు రబ్బరు దిమ్మలతో నాలుగు చోట్లా బిగించేశారు. డ్రైవ్‌వేలోకి ఏటవాలుగా ఎక్కితే ఎడమ తలుపు పైమూల రాసుకుని కిర్రుమంటుంది. ఎస్-10 చక్రాల మధ్య వెడల్పు తక్కువ, అందుకే అవి ఫెండర్ల లోపలికి ముడుచుకున్నట్టు కనిపిస్తాయి. చక్రాలని బయటికి జరిపే స్పేసర్లు వేస్తే చూపు కుదిరింది కానీ, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు ఫెండర్‌కి తగులుతోంది. కాగితాల సంగతి మీ రాష్ట్రంలో ముందే కనుక్కోండి. తలుపు స్తంభం మీద ప్లేటు నంబరు ఒకటి, ఫ్రేమ్ నంబరు వేరొకటి కాబట్టి దేన్ని బండిగా లెక్కేస్తారన్నది అన్నిచోట్లా ఒకేలా ఉండదు.

నాకైతే తృప్తిగానే ఉంది. నా అసలు ఫ్రేమ్ ఎలాగూ తుప్పు పట్టి వెనకభాగం పనికిరాకుండా పోయింది, వారంలో చాలా రోజులు ఫ్రీవే ఎక్కాలి, బరువులు మోసే పని లేదు. ఇందులో ఏ ఒక్కటి తేడా ఉన్నా వేరేలా చెప్పేవాణ్ణేమో. మీ ఫ్రేమ్ గట్టిగా ఉండి, బాధంతా బ్రేకుతోనే అయితే, పాత యాక్సిల్‌కే బిగించుకునే డిస్క్ కిట్లూ, రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండర్లూ దొరుకుతాయి. ఖర్చులో ఈ పనికి దగ్గరికి కూడా రావు. మా బావమరిది కూడా ఇప్పుడు అదే కాలం నాటి పికప్ ఒకటి కొని, ఛాసీ మార్చనా అని నన్నే అడుగుతున్నాడు. ముందు దాని ఫ్రేమ్ మీద మట్టంతా కడిగి సుత్తితో కొట్టి చూడమన్నాను. ఇంకా కడగలేదు.