ఆటలో దెబ్బ తగిలితే: ఆరోగ్య బీమానా, ప్రమాద బీమానా?

కొండవెలగాడలో బరువులెత్తే పిల్లల తల్లిదండ్రులకైనా, సెలవులకి కొండలెక్కే విజయనగరం కుర్రాళ్లకైనా వచ్చే సందేహమిది.

ఆరోగ్య బీమా: ఆసుపత్రి బిల్లు కడుతుంది.
ప్రమాద బీమా: మరణానికి, శాశ్వత వైకల్యానికి ఒకేసారి సొమ్మిస్తుంది. బిల్లు జోలికి సాధారణంగా రాదు.

ఖర్చు: మొదటిదానికి ఏడాదికి వేలల్లో. రెండోది చవక. ప్రధానమంత్రి సురక్షా బీమా అయితే 18 నుంచి 70 ఏళ్లవారికి ఏడాదికి 20 రూపాయలే, ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు. కానీ మోకాలి లిగమెంట్ తెగితే చికిత్సకి పైసా రాదు.

అసలు చిక్కు సాహస క్రీడల దగ్గరే. పర్వతారోహణ, రాఫ్టింగ్, స్కూబా డైవింగ్ లాంటివాటికి ఆరోగ్య బీమాలో ఉండే ప్రామాణిక మినహాయింపు, అంటే సొమ్ము ఇవ్వబోమనే షరతు, వృత్తిగా చేసేవారికే. సరదాకి వెళ్లినవారికి కాదు. ఏజెంటు "ఆటలకి రాదండీ" అంటే నమ్మేయకండి. పాలసీ కాగితం తీసి ఆ వాక్యం చదివించండి. ప్రమాద బీమాలో ఈ షరతు కంపెనీని బట్టి మారుతుంది, అదీ చదవాలి.

గడువు: ఆరోగ్య బీమాలో తొలి 30 రోజుల నిరీక్షణ (అప్పటిదాకా సొమ్ము రాదు) జబ్బులకే, ప్రమాదాలకి లేదు.

ఆడే పిల్లలున్న ఇంట్లో ముందు ఆరోగ్య బీమా. ఇల్లు మీ సంపాదన మీదే నడుస్తుంటే ప్రమాద బీమా కూడా. ఆటే వృత్తి అయితే, కట్టే ముందు కంపెనీ నుంచి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.