పరుపు కింద షీటు, రాత్రి డ్యూటీలో ముగ్గురం

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మేల్ వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్‌ని నేను. లేవలేని పేషెంట్లను ప్రమాద సమయంలో బయటికి లాక్కొచ్చే షీట్లు మా యాజమాన్యం ఈమధ్య కొంది. వాటితోపాటు ఒకరోజు ట్రైనింగ్, ఆసుపత్రి మొత్తానికి తరలింపు ప్లాను కూడా ఆ కంపెనీ దగ్గరే తీసుకుంది. మన వైపు నర్సింగ్ హోముల వాళ్లు చాలామంది ఇవి కొనాలా వద్దా అని అడుగుతున్నారు, అందుకే రాస్తున్నాను. షీటుకు మంచి మార్కులే వేస్తాను. ప్లానుకు వేయలేను.

షీటు అంటే నైలాన్ లాంటి గట్టి గుడ్డ. పరుపు కింద పరిచి ఉంచేస్తాం, మామూలు రోజుల్లో అది ఉన్న సంగతే తెలియదు. అవసరం వచ్చినప్పుడు పక్కల్లోంచి బెల్టులు లాగి పేషెంటు ఛాతీ మీద, తొడల మీద బకిల్ బిగిస్తే మనిషీ పరుపూ కలిపి ఒకటే కట్ట. మంచాన్ని వీలైనంత కిందికి దించి, ముందు కాళ్ల వైపు నేల మీదకి జార్చి, పట్టీలు పట్టుకుని లాగడమే. మా గచ్చు మీద బాగా జారింది. తిత్లీ తుఫాను అప్పుడు, 2018 అక్టోబరులో, కరెంటు పోయి లిఫ్టు ఆగితే పేషెంట్లను దుప్పటి నాలుగు మూలలు పట్టుకుని మోసిన వాళ్లం మేము. దానికి నలుగురు గట్టి మనుషులు కావాలి. దీనికి మెట్ల మీద కూడా ముగ్గురు చాలు: కాళ్ల దగ్గర ఒకరు దారి చూస్తూ, తల వైపు ఇద్దరు వెనక్కి ఆపి పట్టుకుంటూ.

అసలు కష్టం మెట్ల మలుపు దగ్గర. మా ఆయమ్మనే పేషెంటుగా పడుకోబెట్టి దించాం. మలుపులో పరుపు మూల రెయిలింగ్‌లో ఇరుక్కుపోయింది. "సిస్టరమ్మా, ఆగండి, తల గోడకి కొట్టుకుంటుంది" అని ఆవిడ కేక పెట్టింది. అక్కడే ఆగి, పరుపు మొత్తాన్ని గోడ వైపు జరిపి, కాళ్ల వైపు తిప్పాక తల వైపు నెమ్మదిగా తెచ్చుకుంటే అప్పుడు తిరిగింది. కంపెనీ కుర్రాడు ఈ మాట చెప్పలేదు. అతని డెమో పట్టపగలు, కారిడార్‌లో, చుట్టూ జనం ఉండగా అయిపోయింది. ఓపిగ్గా నేర్పాడు, అడిగినదానికల్లా జవాబు చెప్పాడు, అది ఒప్పుకోవాలి. గ్లవ్స్ వేసుకుంటే బకిల్ పట్టు చిక్కడం లేదు, అది మాత్రం కంపెనీ సరిచేయాలి.

ఇక ప్లాను. ఒక్కో మంచానికి ముగ్గురు స్టాఫ్ అని లెక్క వేశారు. రాత్రి మా అంతస్తు మొత్తానికి ఉండేది ఇద్దరు సిస్టర్లు, ఒక ఆయమ్మ. ప్లాను రాసేవాళ్లు మొట్టమొదట అడగాల్సింది ఈ లెక్కే. కోల్‌కతా ఆమ్రి ఆసుపత్రిలో 2011 డిసెంబరు 9న నిప్పు అంటుకుంది తెల్లవారకముందే. భండారాలో 2021 జనవరి 9న పదిమంది పసికందులు చనిపోయిందీ రాత్రివేళే. మన రాష్ట్రంలో భువనేశ్వర్ సమ్ ఆసుపత్రిలో 2016 అక్టోబరు 17న డయాలిసిస్ వార్డులో మొదలైన మంట ఐసీయూ దాకా పాకి ఇరవై మందికి పైగా పోయారు, అది కూడా చీకటి పడ్డాకే. ఎక్కువమంది ప్రాణం తీసింది పొగ.

అందరూ బయటికి చేరాల్సిన చోటు అని వాళ్లు గుర్తు పెట్టింది మా గేటు ముందు. ఫైరింజన్ రావాల్సింది, జనరేటర్ ఉన్నదీ అక్కడే. ఆక్సిజన్ వాల్వు "అధీకృత వ్యక్తి" కట్టేయాలని రాశారు. అర్ధరాత్రి ఆ వ్యక్తి ఎవరు? మేం డాక్టరుగారితో కూర్చుని, ఆక్సిజన్ లైను మీదున్న పేషెంట్లను సిలిండరుకో, చేత్తో నొక్కి ఊపిరి అందించే ఆంబూ బ్యాగుకో మార్చాక డ్యూటీలో ఉన్న సీనియర్ సిస్టరే కట్టేయాలని పేరుతో సహా రాసుకున్నాం. అందరినీ ఒకేసారి మెట్లు దించాలనే మాట కూడా తీసేశాం. ముందు మంటకు దగ్గరున్నవాళ్లను అదే అంతస్తులో, తలుపు వేసుకోగల రెండో వైపుకి జరపాలి. అక్కడ కూడా ఉండలేని పరిస్థితి వస్తే అప్పుడు మెట్లు: నడవగలిగినవాళ్లు, తర్వాత చక్రాల కుర్చీ వాళ్లు, ఆ తర్వాత షీట్ల మీద వాళ్లు.

పేషెంటు తాలూకు వాళ్ల గురించి ప్లానులో ఒక్క ముక్క లేదు. పాతపట్నం నుంచి వచ్చినవాళ్లైనా, కొండ మీది సవర ఊళ్ల నుంచి వచ్చినవాళ్లైనా, ప్రతి మంచం పక్కనా రాత్రి ఒకరు పడుకునే ఉంటారు. మాకు దొరికే చేతులు అవే. ఇప్పుడు అడ్మిషన్ అయిన రోజే బెల్టు ఎక్కడుందో, ఎటు లాగాలో వాళ్లకి చూపిస్తున్నాం. తెలుగు, ఒడియా మేం చెబుతాం, సవర మా ఆయమ్మ చెబుతుంది.

రాత్రిపూట ఒకసారి వచ్చి డ్రిల్ చేయించమంటే కంపెనీ వాళ్లు అదనపు ఛార్జీ అడిగారు. మీరు కొనేటట్టయితే షీట్లు తీసుకోండి, కానీ రాత్రి షిఫ్టులో, మీ మెట్ల మీద ట్రైనింగ్ ఇస్తామని ముందే రాయించుకోండి. పసిపిల్లల వార్డుకు ఈ షీటు పనికిరాదు. పిల్లల్ని జేబుల్లో పెట్టుకుని మోసే ఆప్రాన్లు వేరే ఉంటాయి. మా దగ్గర ఇంకా లేవు, ఈ నెల ఇండెంటులో రాసి పంపాను.