పాత మచ్చ మీద చర్మ క్యాన్సర్: ఆపరేషనా, కరెంటా?

"కోయించాలా, కరెంటు (రేడియేషన్) పెట్టించాలా?" శ్రీకాకుళం వైపు నుంచి చాలామంది ఇదే అడుగుతున్నారు. అందరిదీ ఇంచుమించు ఒకటే కథ. ఎప్పుడో కాలిన మచ్చ మీదో, ఏళ్లుగా మానని కాలి పుండు మీదో క్యాన్సర్ తేలింది. డాక్టర్లు మార్జోలిన్ అల్సర్ అనేది దీన్నే.

మా మావయ్యకి మోకాలి వెనక, చిన్నప్పుడు కాలిన మచ్చ మీద వచ్చింది. పుండు అంచు గట్టిపడి, కాలీఫ్లవర్‌లా పైకి లేచింది. కట్టు విప్పితే వాసన, తగిలితే రక్తం. అంచు నుంచి ముక్క తీసి బయాప్సీకి పంపాక విషయం తేలింది. మేం ఆపరేషన్ వైపే మొగ్గాం.

నా మటుకు నాకు, తేల్చాల్సింది చుట్టూ ఉన్న చర్మమే. మంచి చర్మమైతే రేడియేషన్‌కి ఎర్రబడి, పొరలు లేచి, కొన్ని వారాల్లో మానుతుంది. కాలిన మచ్చకి రక్తప్రసరణే అంతంతమాత్రం. అక్కడ కరెంటు పెడితే క్యాన్సర్ పోయినా పుండు మిగిలిపోవచ్చు. పైగా రక్తం సరిగా అందని చోట రేడియేషన్ కూడా అంతగా పనిచేయదు. ఆపరేషన్‌లో అయితే గడ్డతో పాటు చుట్టూ సుమారు రెండు సెంటీమీటర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే తీసేసి, తొడ చర్మం తెచ్చి అతికిస్తారు. తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ మిగిలిందో లేదో ల్యాబ్‌లో చూసి చెప్తారు. ఆ భరోసా కరెంటులో దొరకదు. కాలి మీద పుండైతే గజ్జల్లో గడ్డలున్నాయేమో కూడా చూపించుకోవాలి.

అలాగని కరెంటుని కొట్టిపారేయలేం. మత్తు తట్టుకోలేని పెద్దవాళ్లకి, కనురెప్ప, ముక్కు లాంటి చోట్ల, ఆపరేషన్ తర్వాత అంచుల్లో మిగిలినప్పుడు అదీ ఒక దారి. వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలు సాగుతుంది. ఇచ్ఛాపురం నుంచి రోజూ విశాఖ వెళ్లి రావడం కుదిరే పని కాదు, అక్కడే బస చూసుకోవాలి. ఎన్టీఆర్ వైద్యసేవ క్యాన్సర్ ఆపరేషన్‌కీ, రేడియేషన్‌కీ ఉంది, కాబట్టి డబ్బు టెన్షన్‌తో ఒకదాన్ని ఎంచుకోకండి.

సోరియాసిస్ ఉన్నవాళ్ల సంగతి కొంచెం వేరు. కోసిన గాటు మీద కొత్తగా సోరియాసిస్ మచ్చలు రావచ్చు, కరెంటు పెట్టిన చోటా రావచ్చు. గతంలో మాత్ర వేసుకుని లైట్ ట్రీట్‌మెంట్ తీసుకున్నా, మెథోట్రెక్సేట్, సైక్లోస్పోరిన్ వాడుతున్నా క్యాన్సర్ డాక్టరుకి ముందే చెప్పండి. మందులు సొంతంగా మాత్రం ఆపొద్దు.

క్రీములు చర్మం పైపొరలోనే ఉన్న క్యాన్సర్ రకాలకే. మార్జోలిన్‌కి పనికిరావు, పసరు కట్లు అసలే వద్దు.